బాపు బండి కింది నూనె మరక

అత్తగారింటి వాకిట్లో మా బాపు బండి కింద అరచేయంత నూనె మరక పడింది. దాని మీద ఆ ఇంట్లో జరిగినంత చర్చ నా పెళ్లి మీద కూడా జరగలేదు.

నేను కోస్గికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో టీచర్ని. కొత్త జిల్లాలు చేస్తే మా కోస్గి ఏ జిల్లాలోకి పోతుందా అని అందరూ మాట్లాడుకుంటున్న రోజులవి. బడి ఉన్న ఊరికి మాత్రం పొద్దున బస్సు అప్పుడూ లేదు. జీవితమంతా గొర్రెలు కాసిన మా బాపు, నాకు ఉద్యోగం రాగానే తన పాత బండి నాకిచ్చేసి, గేర్లు మార్చడం కూడా తనే నేర్పాడు. పెళ్లయిన వారానికే నేను కోస్గిలోని అత్తగారింటినుంచి దాని మీద బడికి పోవడం మొదలుపెట్టాను. మా ఆయన అన్న, మా బావ, అప్పటినుంచీ దాన్ని అమ్మేయాలనే అంటున్నాడు. నూనె కారడంతో ఆయనకు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఇంజన్ పోయిందన్నాడు. దారిలో ఆగిపోతే ఆడమనిషివి ఏం చేస్తావన్నాడు. ఇకనుంచి తమ్ముడే పొద్దున దింపి సాయంత్రం తీసుకొస్తాడని తీర్మానించి, సోమవారం పొద్దున బండి కొనే మనిషిని రమ్మన్నాడు. మా ఆయన సరేనని తలూపాడు. ఒకరు వచ్చి తీసుకుపోయేదాకా బడి గేటు దగ్గర నిలబడే బతుకు నాకొద్దు. ఆ బండి పోతే నా రాకపోకలు ఇంకొకరి చేతిలో పడతాయని నాకు భయం, భయం కంటే ఎక్కువ కోపం.

బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అతను సరిగ్గా వెతికి కూడా చూడలేదు. కింద, నూనె దింపే బోల్టు దగ్గర కారుతోంది కాబట్టి ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు. ప్రస్తుతానికి బోల్టు రెండుసార్లు బిగించాడు. మూడోసారి నేనే బిగించి, బట్టల సబ్బు మెత్తగా పిసికి దాని చుట్టూ పట్టించాను. పెట్రోలు ట్యాంకు కారితే మా ఊళ్లో అందరూ చేసే వైద్యమే అది. మర్నాటికి సబ్బు నానిపోయి, మరక ఇంకా పెద్దదైంది. తెలివితక్కువ పని, ఒప్పుకుంటాను.

శనివారం బాపుకు ఫోన్ చేశాను. ఆయనకు ఇంజన్ల సంగతి పెద్దగా తెలియదు. అయినా అన్నాడు: "గొర్రెకు పుండైతే రక్తం బొట్టు పడ్డకాడ మందు పెడ్తమా బిడ్డా? బొచ్చు కత్తిరించి, కడిగి, బూడిద చల్లి చూస్తం. ముందుగాల యాడ తడుస్తదో గాడనే పుండు."

ఆదివారం పొద్దున్నే సీసాడు డీజిల్, పాత పళ్ల బ్రష్ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. ఏళ్ల నాటి జిడ్డు, మట్టి, నా సబ్బుతో సహా, అంతా రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టాను. సారెలో పెట్టిన మొహం పౌడరు డబ్బా అంతవరకు మూత కూడా తీయలేదు. తెచ్చి ఇంజన్ మొత్తానికీ చల్లాను. బావ అరుగు మీద పేపరు ముందు పెట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా నన్నే చూశాడు. అత్తమ్మ అయితే తల పట్టుకుంది. తెల్లటి ఇంజన్‌తో నేను ఊరి బయటిదాకా పోయి వచ్చి, నేల మీద పడుకుని కిందినుంచి చూశాను.

బోల్టు దగ్గర తడి ఉంది. కానీ ఆ తడి ముందు నుంచి సన్నటి గీతలా వెనక్కి వచ్చింది. గీత వెంట వేలు పోనిస్తే, ముందువైపు, ఇంజన్ వాల్వుల్ని కదిపే ట్యాపెట్ల మీదుండే గుండ్రటి మూత దగ్గర ఆగింది. నూనె అక్కడ పుట్టి, గాలికి వెనక్కి పాకి, బోల్టు నుంచి బొట్లు కడుతోంది. మూత విప్పితే లోపలి రబ్బరు రింగు పాత గాజులా పుటుక్కున విరిగింది. ఎండాకాలంలో ట్యాపెట్లు సరిచేసినప్పుడు మెకానిక్ ఆ పాత రింగునే మళ్లీ పెట్టేశాడు. బజారులో కొనుక్కొచ్చిన కొత్త రింగుకు కాస్త నూనె రాసి పెట్టి, చేత్తో తిప్పి, చివర్లో పానాతో చిన్నగా బిగించాను. మళ్లీ ఊరి బయటిదాకా పోయి వచ్చి కింద పరిచిన కాగితం సోమవారం పొద్దుటికి పొడిగా ఉంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

అప్పుడే కొనే మనిషి వచ్చాడు. బావ వంగి, ఇంజన్ కింద వేలు పెట్టి, పొడి వేలు అతనికి చూపించాడు. ఒక్క చుక్క కారదు, కొత్త బండి లెక్క ఉంటుందని చెప్పాడు. నా ఒళ్లు మండిపోయింది.

"నూనె కారుతున్నదనే గద బావా అమ్ముతా అన్నరు. ఇప్పుడు కారుతలేదు. ఇంకెందుకు అమ్మాల్నో చెప్పున్రి."

ఆయన ఆ మనిషి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు గేరు బండి మీద పోతుంటే హోటల్ కాడ మంది నవ్వుతున్నరు. మాకు ఇజ్జత్ ఉండొద్దా?"

అన్ని నెలలకు అసలు మాట బయటికొచ్చింది. నేను తాళం పెట్టి, కిక్ కొట్టి, ఎక్కాను. వచ్చిన మనిషి గేటు ముందునుంచి పక్కకు జరిగాడు.

ఇప్పటికీ ఆ బండి మీదే పోతున్నాను. హోటల్ ముందుకు రాగానే రెండో గేరులోకి దించి, హారన్ కొట్టి, తాపీగా పోతాను. వాళ్లు నన్ను సరిగ్గా చూడాలి కదా.