పొయ్యిలార్పిన మర్యాద

ఆ ఆఫీసరు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పంచవర్ష ప్రణాళికల రోజులవి. దేశం ఎదగాలంటే ఏ పరిశ్రమలు ముఖ్యమో తేల్చి రాసుకోవడానికి ఒక ఆఫీసరు పలాస నుంచి మా ఉద్దానం ఊరికి జీపులో వస్తున్నాడని కబురొచ్చింది. జాబితాకెక్కిన పనికి సర్కారు పొగగొట్టం ఉన్న షెడ్డు కట్టిస్తుందట. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా అమ్మకి నిద్ర లేదు. మా ఊళ్లో ఇంటింటా ఆడవాళ్లం పొయ్యి మీద వెడల్పాటి మంగలంలో జీడిపిక్కలు కాల్చి ఒలిచేవాళ్లం. పిక్కలోంచి చిమ్మే నూనెకి అమ్మ అరచేతులు మాడి నల్లబడ్డాయి. పొగకి కళ్లు ఎప్పుడూ నీరు కారేవి.

మా మునసబు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. ముందురోజే గుమ్మం గుమ్మం తిరిగి, "పెద్దదొర వొత్తన్నాడు. పొగకి దగ్గుతాడు. పొయ్యిలార్పీయండి, మంగలాలు దాసీయండి" అన్నాడు. ఇంటికి మనిషొస్తే వాకిలి కడగడం మాకు మర్యాద. పరిశ్రమ చూడటానికి వచ్చినవాడికి పరిశ్రమే కనబడకుండా కడిగిపారేశాం. ఇంత తెలివితక్కువ మర్యాద ఇంకే ఊళ్లోనూ ఉండదు.

ఆఫీసరు మా అరుగు మీదే కూర్చుని కొబ్బరినీళ్లు తాగాడు. పళ్లెంలో పెట్టిన జీడిపప్పు గుప్పెళ్లతో తిన్నాడు. "ఇది ఎవరు ఒలుస్తారు?" అని అడిగాడు.

"ఆడోలు బాబూ, పొద్దుపోక" అని మునసబు నవ్వాడు.

"అయితే ఇది పరిశ్రమ కాదు, కాలక్షేపం. దేశానికి ముందు ఇనుము కావాలి" అంటూ మా పప్పు నములుతూనే రాసుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని విన్నాను. వీడు లెక్కైనా పెట్టలేదు.

తలుపు వెనక నిలబడ్డ అమ్మ కదిలింది. "నా సేతులు సూపిత్తాను. కాలచ్చేపమో కాదో ఆయన్నే సెప్పమను" అంటూ రెండడుగులు వేసింది. నేను కొంగు పట్టుకుని వెనక్కి లాగాను.

"సిగ్గు నేదేటే అమ్మా? ఆ సేతులేటి, పదిమందిలో సూపించడమేటి?"

నాకప్పుడు నిమ్మాడ సంబంధం కుదురుతోంది. నా చేతులూ అదే నలుపు. ఆ మాట పెళ్లివారి దాకా పోతుందని నా భయం. అమ్మ చేతులు కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. జీపు ఊరు దాటకముందే మళ్లీ పొయ్యి రాజేసింది.

షెడ్డు రాలేదు. ఆఫీసరునీ మునసబునీ నేను తిట్టని తిట్టు లేదు. అమ్మ మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు.

నా పెళ్లిలో అప్పగింతల వేళ, నా చేతులు పాలలో ముంచి అత్తగారి చేతిలో పెట్టాల్సినప్పుడు, నాన్న ఒక్కడే ముందుకొచ్చాడు. అమ్మ తలుపు చాటునే ఉండిపోయింది. రమ్మని నేనే పిలిచాను.

"ఈ సేతులేటి, పదిమందిలో సూపించడమేటి?" అంది.