నేను చదవని చీటీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఒక చర్చి సెక్రటరీ ఈ మాట అంటే కొందరు నవ్వుతారు. దయ్యం పట్టిందంటూ మా దగ్గరికి మనుషుల్ని తీసుకొచ్చేవాళ్లు తక్కువేం కాదు మరి. అలా ఎవరైనా వస్తే, ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచి, ముందు మంచి డాక్టరుకు చూపించండి అని చెప్పి పంపేవాణ్ని. మా పాస్టరు అయ్యగారికి అది నచ్చేది కాదు. నచ్చకపోతే మానె, నా నైజం అంతే.

నాకు ఆటోనగర్‌లో గేర్‌బాక్సులు బాగుచేసే షెడ్డు ఉంది. ముప్పై ఏళ్లుగా అదే పని. లారీని నాలుగడుగులు నడిపిస్తే చాలు, లోపల ఏ గేరు పన్ను అరిగిందో మోతను బట్టి చెప్పేస్తాను. నా చెవి మీద నాకంత నమ్మకం. జరిగింది చెవులకు సంబంధించిన విషయం కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

భవానీపురంలో మాదొక చిన్న చర్చి. ఆదివారం ఆరాధనలో, ప్రసంగానికి ముందు ప్రార్థన చీటీలు చదవడం మా ఆనవాయితీ. గుమ్మం దగ్గర ఒక బుట్ట పెడతాం. ఒంట్లో బాగా లేనివాళ్లు, పిల్లల పరీక్షలు, పెళ్లి సంబంధాలు, ఎవరి అవసరం వాళ్లు కాగితం మీద రాసి అందులో వేస్తారు. వాటిని నేను మైకులో ఒక్కొక్కటిగా చదువుతాను. ఒక్కో చీటీ చదవగానే సంఘమంతా "ప్రభువా, మా మనవి ఆలకించుము" అంటుంది. అప్పుడు ఇంకో చీటీ తీస్తాను.

ఎస్తేరమ్మక్క ప్రతి ఆదివారం చీటీ వేసేది. కుట్టుమిషను మీద బతికిన మనిషి. చూపు తగ్గాక రాయడం కుదరక, ఆరాధనకు ముందే నా దగ్గరికి వచ్చి చెప్పి రాయించుకునేది. ఎప్పుడూ ఒకటే మాట. "నా కూతురు సునీత ఒకసారి ఇంటికి రావాలి." నేనే రాసేవాణ్ని, నేనే చదివేవాణ్ని.

సునీత ఎందుకు రావడం లేదో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు.

ఆ పిల్ల చల్లపల్లిలో బట్టల కొట్టున్న హిందువుల అబ్బాయిని పెళ్లి చేసుకుంది. బాప్తిస్మం లేనివాణ్ని చేసుకుంటే సభ్యత్వం తీసేయాలన్నది మా సంఘం నియమం. పోనిద్దురూ, చిన్నపిల్ల అని కమిటీలో ఇద్దరు ముగ్గురు అన్నా నేను పట్టుబట్టాను. పేరు కొట్టేశామని మైకులో చదివింది కూడా నేనే. అయినా ఆ పిల్ల తల్లిదండ్రుల కోసం వస్తూపోతూ ఉండేది.

తర్వాత వాళ్ల నాన్న పోయాడు. మాలో ఎవరైనా పోతే ఆదరణ కూడిక పెట్టి, ఇంటివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, వాళ్ల కోసం పాడి ప్రార్థిస్తాం. సునీత వచ్చి తల్లి పక్కన కూర్చోబోయింది. నేను దగ్గరికెళ్లి చిన్నగా, ఎవరికీ వినపడకుండా, "ఇది సభ్యుల వరుసమ్మా, నువ్వు వెనక్కెళ్లి కూర్చో" అన్నాను. ఆ పిల్ల వెనక కూడా కూర్చోలేదు, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ వైపు రాలేదు. తండ్రి కోసం ఏడవడానికి వచ్చిన పిల్లను లేపేశాను నేను. అప్పుడది క్రమశిక్షణ అనుకున్నాను.

ఇక ప్రతి ఆదివారం ఆ తల్లి చెబుతుంటే ఆ చీటీ రాయడం ఎలా ఉంటుందో ఆలోచించండి. రెండేళ్లు రాశాను. రానురాను ఆ పేరు నోట పలకాలంటే చిరాకు పుట్టేది. చిరాకు ఆవిడ మీద కాదని తెలుసు, అయినా ఆవిడ మీదే చూపించేవాణ్ని.

ఆ ఆదివారం బయటి ఊరి నుంచి ప్రసంగీకుడు వచ్చారు. టైము తక్కువుంది, ఎప్పుడూ చదివేదేగా అని వంక పెట్టుకుని, ఆవిడ చీటీ మడిచి చొక్కా జేబులో వేసుకున్నాను. మిగిలినవి పది. పదీ చదివి వచ్చి కూర్చున్నాను. మనసు హాయిగా ఉంది కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆరాధన అయ్యాక ఎస్తేరమ్మక్క తడుముకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. చదవలేదేమని నిలదీస్తుందనుకున్నాను. ఆవిడ ఏడుస్తోంది.

"నా బిడ్డ ఎందుకు రావట్లేదో ఇవాళ తెలిసింది తమ్ముడూ. నీ మీద కోపం లేదయ్యా. ఇంతమందిలో ఒప్పుకున్నావు చూడు, నాకది చాలు."

పెద్దావిడ, ఏదో పొరబడిందనుకున్నాను. ఈలోగా మా ట్రెజరర్ వచ్చి భుజం తట్టి, "గొప్ప మనసండీ మీది" అన్నాడు. స్త్రీల సమాజం వాళ్లు నన్ను చూసి కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు అయోమయంగా ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. "ఇన్నాళ్లూ నాకైనా చెప్పలేదేంటండీ?"

ఏం చెప్పలేదే అన్నాను.

"అదే, మైకులో చదివారుగా. 'ఆదరణ కూడికలో నేను వెనక్కి పంపిన సునీత కోసం. తప్పు నాది' అని."

జేబులో చెయ్యి పెడితే చీటీ అక్కడే ఉంది. మడత విప్పి చూశాను. నేను రాసిన ఒక్క వాక్యమే ఉంది. వెనక్కి పంపిన సంగతి నాకూ ఆ పిల్లకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ చర్చిలో అరవై మంది విన్నారు.

మా ఆరాధనను మా ఆవిడే ఫోను స్టాండుకు పెట్టి లైవ్ ఇస్తుంది. ఆ వీడియో తీసి చూశాం. నేను చదివినవి పది చీటీలు. సంఘం బదులు పలికింది మాత్రం పదకొండుసార్లు. నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఏడో చీటీ అయ్యాక నేను తలవంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాను. కాసేపు నిశ్శబ్దం, ఒక వాక్యం చదివేంతసేపు. తర్వాత ఒక్కసారిగా "ప్రభువా, మా మనవి ఆలకించుము". మిగతా అన్నిటికంటే గట్టిగా. ఆ పూట కాగితాల ధ్యాసలో పడి నేనది పట్టించుకోలేదు.

"ఫోను మైకు ఆగిపోయినట్టుందండీ" అంది మా ఆవిడ.

"ఆగితే ఫ్యాను చప్పుడు ఎలా వినపడుతుందే? నా నోరు చూడు."

చూసింది. నా నోరు మూసే ఉంది. ఆమె ఫోను పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈరోజు దాకా మేమిద్దరం మళ్లీ ఆ వీడియో ఊసెత్తలేదు.

మరుసటి ఆదివారం సునీత వచ్చింది, భర్తతో. ముందు వరుసలో తల్లి పక్కన కూర్చుంది. ఎస్తేరమ్మక్క ఆరాధనంతా కూతురి చెయ్యి వదల్లేదు, పాటకు నిలబడినప్పుడు కూడా.

అయ్యాక ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు.

"అమ్మ ఫోన్ చేసి చెప్తే ముందు నమ్మలేదు బాబాయ్," అంది సునీత. "కానీ ఆ సంగతి మన ఇద్దరికే తెలుసు కదా. అమ్మకు కూడా నేను చెప్పలేదు. మీరే చెప్పి ఉండాలి. అందుకే వచ్చాను."

నేను తలూపాను. అవునన్నట్టు తలూపాను.

"మీరు మైకులో అన్నప్పుడు ఈయన లేరు కదా. తనవల్లే నన్ను మనవాళ్లు దూరం పెట్టారని ఇప్పటికీ బాధపడతారు. ఆ మాట ఈయన ముందు కూడా ఒక్కసారి అనండి బాబాయ్."

ఆ అబ్బాయి మొహమాటంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకేం వస్తుంది? చీటీ చదవలేదని చెప్పొచ్చు. కనీసం తప్పు నాదని చెప్పొచ్చు. రెండే ముక్కలు.

"ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా, మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్దురు గాని" అన్నాను.

సునీత ముఖం కాస్త చిన్నబోయింది. ఎస్తేరమ్మక్క కూతురి చెయ్యి నొక్కింది. "పోనీలేవే, మాటిమాటికీ అనిపిస్తారా పాపం? ఒకసారి అన్నాడుగా."

ఆ అబ్బాయి నాకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాడు.

అందరూ కలిసి పొరబడ్డారనుకుందామంటే, అరవై మందికి ఒకే వాక్యం, అదీ ఎవరికీ తెలియని సంగతి, ఎలా వినపడుతుంది? అయ్యగారితో చెబితే అద్భుతమని సాక్ష్యం చెప్పమంటారు. అద్భుతమే అయితే నా గొంతుతో ఎందుకు?

ఆ చీటీ ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. చీటీలన్నీ అయ్యాక మైకు ముందు ఒక్క క్షణం ఎక్కువసేపు నిలబడుతున్నాను ఈమధ్య. మా ఆవిడ ఫోను వెనక నుంచి నన్నే చూస్తుంటుంది. ముందు వరుసలోంచి ఎస్తేరమ్మక్క, కళ్లు సరిగ్గా కనపడకపోయినా, నా వైపే ముఖం పెట్టి నవ్వుతుంటుంది. ఆమెన్ అనేసి దిగిపోతాను.

ఆరోజు ఆ మాట అన్నదెవరో నాకు తెలియదు. నేను మాత్రం ఇంతవరకూ అనలేదు.