తన జీతం తానే వేసుకున్నవాడు

అమెరికాలోని ఈరీ ఊళ్లో ఉద్యోగం పోయిందని ఎవరూ చెప్పుకోరు. "ప్రస్తుతానికి ఆపారు, మళ్లీ పిలుస్తారు" అంటారు. వెండెల్ ప్రస్కి తండ్రిని కర్మాగారం వాళ్లు అలా నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లూ పిలిచారు. అందుకే ఫిబ్రవరిలో ప్లాస్టిక్ కర్మాగారం వాళ్లు వెండెల్‌ను ఆపినప్పుడు అతను కంగారుపడలేదు. కారులోనే కూర్చుని కాలక్షేపం చేసి, షిఫ్టు దిగే వేళకు ఇల్లు చేరాడు. రెండు వారాల్లో పిలుస్తారు కదా, ఈలోగా భార్య కొరీన్‌ను బెంబేలెత్తించడం దేనికి అనుకున్నాడు. పిరికితనానికి ఎంత చక్కని పేరు పెట్టుకుంటామో చూడండి!

చిక్కంతా శుక్రవారంతో వచ్చింది. శుక్రవారం జీతం నేరుగా వాళ్ల ఉమ్మడి ఖాతాలో పడాలి. పడిందని ఫోనులో చూసుకున్నాకే కొరీన్ సరుకులకు బయలుదేరుతుంది. పైగా ఆ బ్యాంకుకు ఒక నియమం ఉంది. నెలనెలా జీతం నేరుగా వచ్చే ఖాతాకు రుసుము ఉండదు, డబ్బు తక్కువైతే రెండు వందల డాలర్ల దాకా బ్యాంకే సర్దుతుంది. జీతం ఆగితే ఆ మర్యాదలన్నీ ఆగిపోతాయి.

ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో, చర్చి హాల్లో చేప వేపుడు భోజనాల దగ్గర వెండెల్ తన పెదనాన్న కొడుకు స్టాష్‌కు సంగతి చెప్పేశాడు. కొరీన్ అవతల వడ్డిస్తోంది.

"వేరే బ్యాంకులో నీకు కాస్త ఉండాలి కదరా?" అన్నాడు స్టాష్.

"పడవ కొనుక్కుందామని దాచుకున్నా."

"అందులోంచి వారం వారం ఇటు పంపు. బయటి బ్యాంకు నుంచి వచ్చిందంటే జీతం కిందే లెక్క. పంపింది నువ్వో కంపెనీయో వాళ్ల కంప్యూటర్‌కేం తెలుస్తుంది? మా బావమరిది ఏడాదిగా ఇట్టాగే లాగిస్తున్నాడు."

"పట్టుకుంటే?"

"నీ డబ్బు నువ్వు పంపుకుంటే పట్టుకునేదేంట్రా, మొద్దూ! తిను, చల్లారిపోతోంది."

స్టాష్ సలహాలకు అప్పటికే ఒక కారు, ఒక పెళ్లి బలయ్యాయి. అయినా వెండెల్ విన్నాడు. ప్రతి శుక్రవారం జీతమంత మొత్తాన్ని సెంట్లతో సహా పంపాడు. అనుమానం రాకూడదని ఒకసారి ఓవర్‌టైమ్ పేరుతో నలభై డాలర్లు ఎక్కువ వేశాడు. కొరీన్ అతని మెడ చుట్టూ చేతులు వేసి, "ఒళ్లు హూనం చేసుకుని మరీ పనిచెయ్యకు" అంది.

మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. వెండెల్ రోజూ పనికని బయలుదేరి, కారులో కూర్చుని వస్తూనే ఉన్నాడు. కర్మాగారం పిలవలేదు, బ్యాంకూ కిమ్మనలేదు. ఆఖరి జీతం పడ్డాక బ్యాంకు కొన్నాళ్లు గడువిస్తుందని వెండెల్‌కు తెలియదు. స్టాష్ ఈసారి నిజమే చెప్పాడు కాబోలు అనుకున్నాడు.

మే నెలలో ఒక శనివారం కొరీన్ ఖాళీ సంచులతో ఇంటికొచ్చింది.

"కార్డు పనిచెయ్యలేదు. రుసుము కోసేశారంట, తక్కువైంది సర్దలేదంట. కోడిమాంసం, పాలు అక్కడే వదిలేసి వచ్చా. నా వెనకాల ఎవరున్నారో తెలుసా? చర్చిలో నాతో వడ్డించే డోరిస్! పద బ్యాంకుకి."

"పోనీలే కొరీన్, ఎంతని..."

"బ్యాంకుకి ఫోన్ చేస్తే నీ జీతం రావట్లేదన్నారు! నువ్వే వచ్చి అడుగు."

బ్యాంకులో మాత్రం కొరీన్ అతన్ని నోరెత్తనివ్వలేదు. కౌంటర్‌లోని అమ్మాయి మీదకు తనే వెళ్లింది. "ఇరవై రెండేళ్లలో మా ఆయన ఒక్క షిఫ్టు ఎగ్గొట్టలేదు. శుక్రవారం శుక్రవారం డబ్బు పడుతోంది. నాకు కనపడేది మీకెందుకు కనపడదు?"

పక్కన నిలబడ్డ వెండెల్‌కు, ఆమె తనను తిట్టినా బాగుండేదనిపించింది. తనను వెనకేసుకొస్తోందే, అదే భరించలేకపోయాడు.

"డబ్బు వస్తోంది మేడమ్. జీతమే రావట్లేదు," అంది ఆ అమ్మాయి. "ఇవి వేరే బ్యాంకు నుంచి చేసిన బదిలీలు. ఇవి లెక్కలోకి రావు. కంపెనీ జీతం గానీ, పెన్షన్ గానీ, పని పోయినవాళ్లకి రాష్ట్రం ఇచ్చే భృతి గానీ నేరుగా పడాలి."

"వేరే బ్యాంకా? ఎవరు పంపుతున్నారు?"

ఆ అమ్మాయి వెండెల్ వైపు చూసింది.

"కంపెనీ వాళ్లు బ్యాంకు మార్చుంటారు. అంతే కదా, వెండెల్?" అంది కొరీన్.

అబద్ధాన్ని ఆమే తెచ్చి చేతిలో పెట్టింది. అవునంటే చాలు, ఇంకో వారం గడిచిపోతుంది.

"కాదు," అన్నాడు వెండెల్. "నేనే పంపుతున్నా. ఫిబ్రవరి నుంచి నాకు పని లేదు."

కొరీన్ అతని వైపు తిరగలేదు. కౌంటర్ అంచు పట్టుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "ఆ భృతి పడితే సరిపోతుందా, అమ్మాయ్?"

"సరిపోతుంది మేడమ్."

"అంటే ఈయన మొదట్లోనే చెప్పి, దానికి దరఖాస్తు పెట్టుకునుంటే..."

"అవును మేడమ్," అంది ఆ అమ్మాయి, తల దించుకుని.

కారు తాళాలు కొరీన్ తీసుకుంది. సగం దూరం వచ్చాక, "ఇంకా ఎంతుంది ఆ వేరే బ్యాంకులో?" అంది.

"రెండు శుక్రవారాలకి వస్తుంది."

"ఆపెయ్. నాకు జీతం కట్టడం ఆపెయ్. నేను చేసుకున్నది నిన్ను, కంపెనీని కాదు."

వెండెల్‌కు ఏడుపొచ్చింది. ఇంటి ముందు కారు ఆగింది. కొరీన్ దిగలేదు, చేతులు స్టీరింగ్ మీదే ఉంచుకుంది.

"ఇవాళ ఆ పిల్ల చెప్పుండకపోతే, సోమవారం పొద్దున నా మొహం చూసి ఎక్కడికెళ్తున్నానని చెప్పేవాడివి?"

"పనికని," అన్నాడు వెండెల్.