పటాల వెనక గోడ

ఆ ఆదివారం సాయంత్రం ఇట్టియవిర ఇంట్లో వాడ ప్రార్థన సగంలో ఉండగా, గోడ మీదున్న గీవర్గీసు పుణ్యాత్ముడు గుర్రంతోనూ, బల్లెంతోనూ, బల్లెం కింది సర్పంతోనూ సహా త్రేసియ చేడత్తి ఒళ్లో పడ్డాడు. వాడకంతా పెద్దక్క అయిన ఆ చేడత్తికి ఎనభై దాటాయి. ఆమె కళ్లు తెరిచి, వచ్చింది ఎవరో చూసి, పటాన్ని ఒళ్లోనే ఓ పక్కకు సర్దుకుని, జపమాలలో తర్వాతి పూస పట్టుకుంది. దెబ్బ తగిలింది ఇంటాయనకే.

ఎందుకో తెలియాలంటే ఇట్టియవిర ఎలాంటివాడో తెలియాలి. మీనచ్చిలారు ఒడ్డున, మా ఇంటికి అవతల ఆయన ఇల్లు. కాస్త రబ్బరు తోట, ఒక ఆవు, తాత కట్టించిన చెక్క ఇల్లు, ఇవీ ఆయన ఆస్తి. గోడలన్నీ అంజిలి పలకలే. నడుమ ధాన్యం పోసుకునే అర, ఆ అర మూల స్తంభం మీద అటకా, పైకప్పూ. తాత ఆ చెట్లను అమావాస్య నాడు కొట్టించాడు గనక చెద వాటి జోలికి రాదని ఇట్టియవిర నమ్మకం. నమ్మి ఊరుకుంటే సరిపోయేది. ఎవరింటికి వెళ్లినా వేలి కణుపుతో గుమ్మం మీద కొట్టి, చెవి ఆనించి, "డొల్ల" అని తీర్పు చెప్పేవాడు. ఒకసారి చావింటికి పలకరింపుకు వెళ్లి, శవపేటిక పక్కనే నిలబడి ద్వారబంధం కొట్టి చూశాడు.

పొరుగింటి కురియాకోసు వాకిట్లో చెదమందు వాళ్ల బండి ఆగింది ఓసారి. బండి తలుపు మీద మేకపిల్లంత చెదపురుగు బొమ్మ. మర్నాడు టీకొట్టులో ఇట్టియవిర నలుగురిలో అడిగాడు.

"ఏం కురియాకోసూ, మీ ఇంటి చుట్టాలు పంక్తిలోంచి లేచారా, ఇంకా వడ్డిస్తూనే ఉన్నావా?"

కురియాకోసు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ పై వానాకాలంలో ఇట్టియవిర ఇంట్లోనే గోడ మీద చెద కట్టిన మట్టి దారి కనిపించింది. వంటింటి గోడకు ఆనించి రబ్బరు కట్టెలు పేర్చడం ఆయనకు అలవాటు. చెదకు రబ్బరు కట్టె అంటే పెళ్లి భోజనం. అక్కడ తిని, గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. ఆయన ఎవరూ చూడకుండా చీపురుతో దులిపి, కిరసనాయిలు పూశాడు. అది పక్క గదిలో తేలింది. అక్కడ కేలెండరు తగిలించాడు. కేలెండరు పక్క నుంచి తొంగి చూసింది. ఇక లాభం లేదని చర్చి తిరునాళ్లలో అంతోనీసు పుణ్యాత్ముడి పటం కొనుక్కొచ్చాడు.

ఆ తర్వాత చెద ఎటు పాకితే అటు ఒక పుణ్యాత్ముడు వెళ్లాడు.

"ఇచ్చాయా, ఈ సెబస్త్యానోసును భోజనాల గదిలో పెట్టారేంటి? ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఒంట్లో దిగిన ఆ బాణాలు చూడలేకపోతున్నా," అంది భార్య ఏలిక్కుట్టి.

"భక్తి ఉంటే చూడగలవు," అన్నాడాయన.

అర మూల స్తంభం దగ్గర మాత్రం ఆయనకు గుండె జారింది. బొటనవేలితో నొక్కితే స్తంభం నానిన రస్కులా లోపలికి పోయింది. అది కూలితే అటక కూలుతుంది, దాని కిందే ఏలిక్కుట్టి మంచం. మంచం జరిపించాడు, గాలి రావట్లేదని సాకు చెప్పి. మందు బండిని పిలవాలి, పిలిస్తే అది వాకిట్లో ఆగాలి, ఆగితే టీకొట్టు చూస్తుంది. స్తంభానికి మేరీమాత పటం, ఉన్నవాటిలో పెద్దది, తగిలించాడు.

మేం అచ్చన్ అని పిలిచే చర్చి ఫాదరు ఇల్లు చూసి మురిసిపోయాడు. "ఇట్టియవిర ఇంట్లో గోడ కనబడదు, పుణ్యాత్ములే కనబడతారు," అని ప్రసంగంలో చెప్పాడు. ఆ నెల వాడ ప్రార్థన అక్కడే అని ప్రకటించాడు. కాదంటే కారణం చెప్పాలి, ఇట్టియవిర సరేనన్నాడు.

అలా గీవర్గీసు పడ్డాడు. ప్రార్థన ముగిశాక కురియాకోసు లేచి, పటం అందుకుని, మేకును మళ్లీ గోడకు గుచ్చబోయాడు. మేకుతో పాటు ఆయన వేలూ గోడలోకి పోయింది. చెక్కపొడి జలజలా రాలింది.

"ఇట్టియవిరా, ఆ పక్క పటం కూడా ఒకసారి దింపు," అన్నాడు అచ్చన్.

"అది ఆశీర్వదించిన పటం అచ్చో, కదపకూడదు."

"ఆశీర్వదించింది నేనేగా. దింపు."

దింపాడు. వెనక మట్టి దారి. ఇంకోటి దింపాడు. మట్టి దారి. వంటింట్లో కర్రపెండలం ఉడుకుతున్న చప్పుడొక్కటే. మేరీమాత దగ్గరికొచ్చేసరికి ఆయన వెనక్కి జరిగాడు, అచ్చనే దింపాడు. స్తంభం లోపల పిడికిలి పట్టేంత గుల్ల.

అప్పుడు ఏలిక్కుట్టి అంది, గట్టిగా కూడా కాదు: "ఇన్ని పటాలు తెస్తుంటే మీకేదో చెప్పుకోలేని జబ్బొచ్చిందనుకున్నా ఇచ్చాయా. ఆ జబ్బు నాకివ్వమని రోజూ మొక్కుకుంటున్నా."

ఇట్టియవిర తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కురియాకోసు ఏమైనా అంటాడని అందరం చూశాం. అనే హక్కు ఆయనకుంది. ఆయన వేలికంటిన పొడి తుడుచుకుని, "ఆ మందు బండివాడి నంబరు నా దగ్గరుంది, పొద్దున్నే పిలుస్తా," అన్నాడు. ఒక మాట విసిరి ఉంటే ఇట్టియవిరకు కాస్త సుఖంగా ఉండేదని నాకనిపించింది.

బండి వచ్చింది. పెరటి దారిన రమ్మని ఇట్టియవిర బతిమాలాడుగానీ, ఆ దారి ఆవు కూడా మళ్లలేనంత ఇరుకు. వాకిట్లోనే ఆగింది. తోటకెళ్లి దాక్కుంటాడనుకున్నాం. వెళ్లలేదు. ఆ పురుగు బొమ్మ పక్కనే నిలబడి, దారినపోయేవాళ్లు అడిగితే "అవును, మా ఇంటికే," అని చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ పంచె కొంగు సర్దుకుంటూ. మందువాళ్లు గోడల వెంట నేలలో రంధ్రాలు వేసి మందు పోశారు. కట్టెలు ఇంటికి దూరంగా చేర్పించారు. వడ్రంగి వచ్చి కుళ్లిన స్తంభం తీసి టేకుది నిలబెట్టాడు. "ఇంకో వానాకాలం ఆగుంటే అటక నేల మీదుండేది," అన్నాడు. ఇట్టియవిర తల ఊపాడు.

అలా చెడిన ప్రార్థనకు బదులుగా అచ్చన్ మళ్లీ అక్కడే ప్రార్థన పెట్టించాడు. పుణ్యాత్ములందరూ చర్చికి వెళ్లిపోయారు. మిగిలింది యేసు తిరుహృదయ పటం ఒక్కటే, అదీ త్రేసియ చేడత్తి కూర్చున్న చోటికి కొత్త స్తంభం చాటున పడింది. ఆమె చుట్టూ చూసి సణిగింది.

"ఏంట్రా ఇట్టియవిరా, గోడలిలా బోడి చేసి కూర్చున్నావు, ఇప్పుడు నేనెటు చూసి జపం చెయ్యను?"

"గోడకేసే చూడు చేడత్తీ, ఇప్పుడు చూడొచ్చు."