ఎడమచేతి అల్లిక

ఫిబ్రవరి వచ్చిందంటే మా వైపు అందరూ దగ్గుతారు. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు, గాలి ఎటు తిరిగితే అటు వీధి వీధంతా గొంతు సవరించుకుంటుంది. బళ్ళో మా నాన్న పాఠం మధ్యలో దగ్గేవాడు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన ఆపి దగ్గి, మళ్ళీ ఆపిన చోట నుంచే అందుకునేవారు. ఎవరు దగ్గినా ఎవరూ తల తిప్పి చూసేవాళ్ళు కాదు. మా పిన్ని దగ్గు ఆ దగ్గుల్లో కలిసిపోయింది. అదే మా కొంప ముంచింది.

యాభైల నాటి మాట ఇది. పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. తాతా అమ్మమ్మా పోయాక మా ఇంట్లోనే ఉండేది. నాకు పదేళ్ళు, తనకు ఇరవై రెండో ఇరవై మూడో. మిషను బోర్డింగులో చదివే రోజుల్లో అక్కడి దొరసాని దగ్గర లేసు అల్లడం నేర్చుకుంది. చివర చిన్న కొక్కెం ఉన్న ఇనప సూది ఒకటి, తెల్లదారం ఉండ ఒకటి ఉంటే చాలు, తనకు వేరే లోకం అక్కర్లేదు. మా చుట్టూ అన్నీ పత్తి చేలే, అయినా ఆ దారం మాత్రం గుంటూరు నుంచి రావలసిందే.

పిన్ని ఎక్కువగా అల్లేది జాడీ మూతలకు. మూతకు సరిపడా గుండ్రంగా అల్లి, అంచు చుట్టూ పూసలు గుచ్చేది. ఆ పూసల బరువుకు లేసు మూత మీది నుంచి జారకుండా చక్కగా కిందికి దిగి నిలిచేది. నడిమధ్య ఒక పువ్వు. ఎనిమిది రేకులూ ఒకే పక్కకు వాలి ఉండేవి, చూస్తూ ఉంటే పువ్వు తిరుగుతున్నట్టే అనిపించేది. కొలతకు టేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. మూత మీద ఒకసారి చెయ్యి పెట్టేది, అంతే. ఉప్పు జాడీ జానెడు, కారం జాడీ జానెడుకు రెండు వేళ్ళు తక్కువ, ఆవకాయ జాడీ జానెడు మీద బెత్తెడు. ఊళ్ళో తనకు తెలిసిన ప్రతి ఇంటి జాడీలూ అలా తన వేళ్ళకు గుర్తుండేవి. క్రిస్మస్‌కు ఇంటింటికీ తను ఇచ్చే బహుమానం ఆ లేసు మూతే. పాస్టరమ్మగారికి మాత్రం రెండు.

పిన్నిది ఎడమచేతివాటం. అన్నం దగ్గరా పలక దగ్గరా చిన్నప్పుడే దెబ్బలు కొట్టి కుడిచేతికి మార్చారు గానీ, లేసు సూది ఎవరి కంటా పడకముందే ఎడమచేతిలో కుదురుకుంది. అందుకని నాకు నేర్పేటప్పుడు పక్కన కూచోనిచ్చేది కాదు.

"నా ఎదురుగా కూచో. నా ఎడమచెయ్యి ఎట్టా పోతే నీ కుడిచెయ్యి అట్టా పోవాల. అద్దంలో చూసుకున్నట్టు" అనేది.

నా మొదటి మూత ముడుచుకుపోయి చిన్న గిన్నెలా తయారైంది. దాన్ని నా నెత్తిన పెట్టి ఊరంతా ఊరేగిస్తానంది. నా నోటికి ఉన్న ఓపికలో సగం చేతికి ఉంటే బాగుపడేదాన్నని కూడా అంది. నేను అలిగి సూది విసిరేస్తే, వెతికి తెచ్చి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

ఆ ఏడు వానలు పడ్డాయి. కల్లాలు ఖాళీ అయ్యాయి, మిరపకాయలు బస్తాల్లో గుంటూరు వెళ్ళిపోయాయి, ఊళ్ళో దగ్గులన్నీ ఆగాయి. మా ఇంట్లో ఒకటి ఆగలేదు. వసారాలో వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఒక మధ్యాహ్నం, పిన్ని దగ్గు మొదటిసారి విడిగా వినిపించింది నాకు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది. నాన్న పేపరు దించాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత వారానికి, పిన్ని ఒళ్ళో ఉన్న తెల్ల లేసు మీద ఎర్రగా ఒక చుక్క కనిపించింది. పూస ఊడి పడిందనుకుని తియ్యబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని దూరంగా నెట్టింది. తను నన్ను నెట్టడం అదే మొదలు.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి క్షయ అన్నారు. అక్కణ్ణించి అటే శానిటోరియానికి పంపించేశారు. పిన్ని మళ్ళీ ఇంటికి రాలేదు, పెట్టె మాత్రం నాన్న తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. తర్వాత పిడుగురాళ్ల సున్నం తెప్పించి ఇల్లంతా రెండు పూతలు వేయించాడు. గోడలు తెల్లగా మెరిసిపోతుంటే చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే మాట్లాడి వెళ్ళిపోయేవారు. నేను ఎవరింటికి వెళ్ళినా వంటింట్లోకి తొంగి చూసేదాన్ని. జాడీల మీద లేసు మూతలు లేవు. మొన్నటిదాకా వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసినవాళ్ళే. ఎప్పుడు తీశారో, ఏం చేశారో ఒక్కరూ నోరు విప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు. పాస్టరమ్మగారి ఇంట్లో కూడా లేవు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మా ఇంట్లో మాత్రం ఉంచాం. అమ్మ వాటిని చాకలిసోడా వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మళ్ళీ జాడీల మీద పెట్టింది. అవి పాతబడతాయని పిన్నికి తెలుసు. అందుకని శానిటోరియం నుంచి కొత్తవి పంపడం మొదలుపెట్టింది. రెండు నెలలకొకటి చొప్పున పొట్లం వచ్చేది. జాడీలు తన కళ్ళ ముందు లేవు, అయినా ఒక్కటి కూడా కొలత తప్పలేదు. ప్రతి ఉత్తరంలోనూ ఒకే ప్రశ్న, మూత సరిపోయిందా అని. సరిపోయిందనీ, జాడీ కళకళలాడుతోందనీ నాన్న జవాబు రాసేవాడు. పొట్లం వచ్చిన రోజు మాత్రం ఇంట్లో ఎవరి గొంతూ పెద్దగా లేచేది కాదు. అమ్మ దాన్ని చేత్తో ముట్టుకునేది కాదు. పుల్లతో విప్పి, పుల్లతోనే ఎత్తి, మరిగే నీళ్ళలో వేసేది. కాగితం పొయ్యిలోకి పోయేది. పొట్లం కట్టిన పురికొస కూడా.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. కల్లాలు ఎర్రబడ్డాయి. నాలుగేళ్ళ మా చెల్లి దగ్గడం మొదలుపెట్టింది.

అందరూ దగ్గుతున్నారు, నేనూ దగ్గుతున్నాను. కానీ అమ్మకు చెల్లి దగ్గు ఒక్కటే వినిపించేది. అది మిరపఘాటు దగ్గో ఆ దగ్గో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆసుపత్రికి తీసుకెళదామని నాన్న అంటే అమ్మ వద్దంది. ఫోటోలో ఏం కనబడుతుందోనని ఆమె భయం. పొద్దున్న లేస్తూనే చెల్లి దిండుగుడ్డను వెలుతురులో పట్టుకుని చూసేది.  ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి, అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. జాడీల మీద లేసు మూతలు లేవు. పాతవీ కొత్తవీ అన్నీ పొయ్యిలో ఉన్నాయి. దారం చప్పున కాలిపోయింది. పూసలే ఆగి ఆగి చిట్లాయి.

"ఎవరికీ చెప్పమాక" అంది అమ్మ, నా వైపు తిరక్కుండానే.

ఆ తర్వాత వచ్చిన పొట్లాలు విప్పకుండానే పొయ్యిలోకి వెళ్ళాయి. జాడీలు కళకళలాడుతున్నాయని నాన్న ఉత్తరాలు మాత్రం వెళుతూనే ఉన్నాయి. జూన్‌లో వానలు పడేదాకా నేను ఆకాశం చూస్తూ గడిపాను. వానలు పడ్డ నాలుగో రోజున చెల్లి దగ్గు ఆగింది. ఉత్త మిరపఘాటే. అమ్మ ఆ రోజు చెల్లిని దించకుండా ఎత్తుకుని తిరిగింది. పొయ్యిలో వేసినవాటి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నవంబరులో పిన్ని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. జబ్బు తగ్గిందట, మూడు నెలలుగా పరీక్షల్లో ఏమీ కనబడ్డం లేదట. ముందు ఒక పూట వచ్చి అందర్నీ చూసి వెళుతుందట. మాకందరికీ ఇష్టమైతే, క్రిస్మస్ నుంచి ఇక మనింట్లోనే ఉంటానని రాసింది. ఇష్టమైతే అన్న మాట కింద గీత గీసింది. తనకు మా ఇల్లు తప్ప వేరే ఇల్లు లేదు. అమ్మ ఉత్తరం చదివి నవ్వింది, ఏడ్చింది, అంతలోనే లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఐదు జాడీలు బోడిగా ఉన్నాయి. తను పంపినవి మేం కాల్చేశామని తెలిస్తే పిన్ని ఈ గడప తొక్కదు. ఆ సంగతి అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

"నువ్వు అల్లగలవటే?" అని అమ్మ నా మొహంలోకి చూసింది.

కూతురి కోసం వణికిన మనిషే ఇప్పుడు తన చెల్లెలి కోసం వణుకుతోంది. గుంటూరు నుంచి దారమూ పూసలూ వచ్చాయి. పది రోజులు బడి మానేశాను. చూసి అల్లడానికి ఒక్క మూత కూడా మిగల్లేదు, అంతా జ్ఞాపకమే. జానెడు, జానెడుకు రెండు వేళ్ళు తక్కువ, జానెడు మీద బెత్తెడు. నావి చిన్న వేళ్ళని మధ్యలో గుర్తొచ్చి రెండు మూతలు మొత్తం ఊడదీశాను. చివరికి ఐదూ జాడీల మీదికెక్కాయి. అమ్మ దగ్గరికొచ్చి చూసి, దూరం వెళ్ళి చూసి, పిన్ని అల్లినట్టే ఉన్నాయంది. నాకు గర్వంగా ఉంది. ఉన్నమాట రాస్తున్నాను. ఆ పాపంలో నేనున్నానని కాదు, నా పనితనం ఎవరూ కనిపెట్టలేరని గర్వంగా ఉంది.

పిన్ని మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది, జడ మాత్రం పలచబడింది. భుజానికి గుడ్డసంచి. వసారాలో కూచుని సంచిలోంచి తన గ్లాసు, తన పళ్ళెం తీసి పక్కన పెట్టుకుంది. అమ్మ అదేంటని అడగలేదు. చిన్నదేదని పిన్ని అడిగితే, పక్కింట్లో ఆడుకుంటూ అక్కడే నిద్రపోయిందని అమ్మ చెప్పింది. చెల్లి నిజంగానే పక్కింట్లో ఉంది, నిద్ర మాత్రం పోలేదు. దాని నవ్వు గోడ అవతల నుంచి మాకందరికీ వినబడుతోంది. పిన్ని కూడా విని, తన పళ్ళెం గోడ వారకు జరుపుకుంది.

కాసేపటికి లేచి, వంటింట్లోకి వెళ్ళొచ్చా అని అడిగింది. మా ఇంట్లో అలా అడిగి లోపలికి వెళ్ళినవాళ్ళు అంతకు ముందు లేరు.

జాడీలు చూడగానే తన మొహం విప్పారింది. ఐదింటినీ వరసగా చూసుకుని, ఉప్పు జాడీ దగ్గరికి వెళ్ళి లేసు మీద వేలు పెట్టింది. పువ్వు నడుమ నుంచి మొదలుపెట్టి అల్లిక వెంట వేలిని తిప్పుకుంటూ పోయింది. సగం చుట్టులో వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి రెండో వైపుకు. వేలు సాఫీగా వెళ్ళిపోయింది. అప్పుడు నాకు తెలిసింది. పిన్ని అల్లిన పువ్వులో రేకులు ఎటు వాలతాయో, నా పువ్వులో దానికి ఎదురు వైపుకు వాలాయి. ఎడమచెయ్యి ఒక వైపుకు తిరుగుతూ అల్లితే కుడిచెయ్యి రెండో వైపుకు తిరుగుతూ అల్లుతుంది. ఎదురుగా కూచుని నేర్చుకున్నదాన్ని నేను, అద్దంలో బొమ్మనే దించాను. పది రోజులు అల్లినా నా బుర్రకు అది తట్టలేదు.

పిన్ని చింతపండు జాడీ చూసింది. కారం జాడీ చూసింది. ఐదూ చూసింది. అమ్మ పొయ్యి దగ్గర ఇటు వీపు పెట్టి కాఫీ కలుపుతోంది, చెంచా ఆపకుండా తిప్పుతోంది. 

"బాగా అల్లావే. ఒక్క కుట్టు కూడా వదులు లేదు" అంది పిన్ని నాతో, చిన్నగా.

 అమ్మను ఏమీ అడగలేదు. కాఫీ తన గ్లాసులో పోయించుకుని తాగింది. గ్లాసు తనే కడిగి, ఆ నీళ్ళు దొడ్డి చివర ముళ్ళకంచె దాకా తీసుకెళ్ళి పారబోసి వచ్చింది. సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ, శానిటోరియంలో రోగులకు అల్లిక నేర్పే పని ఇస్తామంటున్నారనీ, ఒప్పుకుందామనుకుంటున్నాననీ నాన్నతో చెప్పింది. క్రిస్మస్ మాట ఎత్తలేదు. నాన్న కూడా ఎత్తలేదు.

పిన్ని ఆ జబ్బుతో పోలేదు. ఆ తర్వాత ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది, శానిటోరియంలోనే ఉండిపోయింది. పెళ్ళిళ్ళకూ చావులకూ వచ్చేది, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. ఒక్క రాత్రి కూడా మా ఇంట్లో పడుకోలేదు. ఆ సంగతికి అమ్మ మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. నాకూ పిల్లలు పుట్టి, వాళ్ళు దగ్గుతుంటే మెలకువగా పడుకున్నాక కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

తను వచ్చి వెళ్ళిన నెలకు ఒక చిన్న పొట్లం వచ్చింది, ఈసారి నా పేరుతో. లోపల లేసు మూత లేదు. పిన్ని సూది ఉంది, కొక్కెం దగ్గర అరిగి మెరుస్తున్న ఆ ఇనప సూది. దాంతోపాటు చిన్న కాగితం.

"ఇది నువ్వు ఉంచుకో. గంటసేపు నీళ్ళలో కాచి పంపిస్తున్నాను. అమ్మకు చెప్పు."

అమ్మ ఆ కాగితం చదివింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే గిన్నెలో నీళ్ళు పోసి, సూదిని అందులో వేసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.