పాసైన బండి

నా చిన్నప్పుడు మా ఊరు ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారింది. రాజురా దగ్గరి పల్లె మాది. ముందు ఆదిలాబాదు జిల్లా, చేతులు మారి చివరికి చాందా జిల్లా. చంద్రపూర్‌ను అప్పుడు అట్లాగే అనేవాళ్లం. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కారు మా తాతయ్యది. దాని హైదరాబాదు నంబరు ఇక చెల్లదన్నారు. కొత్త నంబరు కావాలంటే చాందాకు తీసుకెళ్లి తనిఖీ చేయించాలి.

అప్పటికే బ్రేకు నూనె కారిపోతోంది. సామాను నాగపూర్ నుంచి రావాలి. అన్నాళ్లు బండి మూలపడితే నలుగురూ నవ్వుతారని ఆయన బాధ. కడిగించి, తళతళలాడించి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టించాడు. పైన పటారం, లోన లొటారం అంటే అదే! బ్రేకును నాలుగైదుసార్లు గబగబా తొక్కితే కాసేపు పట్టేది. ఆ తొక్కడం కనబడకుండా ఉండాలని ఆరేళ్ల నన్ను వెంట తీసుకెళ్లాడు.

"సాబ్ బండెక్కంగనే కడుపు నొస్తుందని ఏడ్వు బిడ్డా. నా కాళ్ల దిక్కు ఆయన జూడొద్దు," అన్నాడు.

ఏడ్చాను. బ్రహ్మాండంగా ఏడ్చాను. ఆ అధికారి మంచివాడు పాపం, కంగారుపడి నావైపు తిరిగాడు. బండి ఆగవలసిన చోట ఆగింది, కాగితం మీద ముద్ర పడింది. తాతయ్య మురిసిపోయి మిఠాయి కొట్లో నాకు పేడాలు కొనిపెట్టాడు. ఛీ, ఎంత ఇష్టంగా తిన్నానో!

ముద్ర పడ్డాక ఇక సామాను ఎవరు తెప్పిస్తారు? వానలు వెలిశాక పక్కింటి అక్కకు నొప్పులొస్తే, దవాఖానకని తాతయ్యే కారు తీశాడు. నదివైపు వాలులో బ్రేకు పట్టలేదు. బండి పోయి చింతచెట్టుకు గుద్దుకుంది. ఆయనకు గీత కూడా పడలేదు. అక్క కాలు విరిగింది, కడుపులో బిడ్డ దక్కలేదు. పోలీసులొస్తే తాతయ్య ఆ కాగితం తీసి చూపించాడు. వాళ్లు చదివి వెళ్లిపోయారు.

ఇప్పుడు మావాడి పాత కారుకు గడువు దగ్గరపడితే తనిఖీకి నేనూ బయల్దేరుతాను. ఏది బాగాలేదో వాళ్లు అడగకముందే చెప్పేస్తాను. మావాడు పళ్లు కొరుకుతాడు. కొరకనీ.

అక్క మాత్రం కుంటుకుంటూ మా ఇంటికి వచ్చి, నాకు జడ వేస్తూ ఎన్నేళ్లయినా ఒకటే మాట అనేది.

"మీ తాతది పాసైన బండే గదా. నా నసీబే మంచిగ లేకుండె."

కాదక్కా, ఆ రోజు ఏడ్చింది నేనే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు.