రాయి మీది పేరు

ఎనభైల మాట. ఎల్లారెడ్డి బస్సు కోసం ఓ ఊరి బస్టాపులో నిలబడ్డాను. బయట వాన. పక్కనున్న మేస్త్రీ గోడకు బిగించిన రాయి చూపించాడు.

"నా పేరు జర సదువుండ్రి సారూ. దొంగసాటుగ చెరువు తూము తీసింది మా అన్న. నేనే తీసిన అని ఒప్పుకున్న. శిక్ష కింద కూలి లేకుండ ఊరికి ఈ బస్టాపు కట్టిన. 'రాయి మీద నీ పేరే రాయిస్త, నింద పోతది' అన్నడు అన్న."

'కట్టించినవారు' అని ఉంది. కింద ఒకే పేరు. చదివాను.

"గది మా అన్న పేరు."

మళ్లీ చదవమన్నాడు. చదివాను.

రాయి అంచును అరచేత్తో తడిమాడు. "వంకర లేకుండ నేనే పెట్టిన."

తర్వాత బయటికి నడిచి, నా బస్సు వచ్చేదాకా వానలోనే నిలబడ్డాడు.

వాళ్లన్న పేరు నాకిప్పటికీ గుర్తుంది. అతని పేరు నేనూ అడగలేదు.